లావుణి చెల్కకు కావలి ఎవరు?

(నిజామాబాద్‌లో సేవాలాల్ మహారాజ్ జయంతి సభలో యువతను ఉద్దేశించి మా సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ రోజున మన భాష గురించి, తీజ్ గురించి, యాడీలు కుట్టిన అద్దాల రవికల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి భూమి గురించి మాట్లాడదామని అనుకున్నాం. కారణం చిన్నదే. 2025 డిసెంబరు పంచాయతీ ఎన్నికల్లో మన తండాల్లో కొత్త సర్పంచులు, వార్డు సభ్యులు వచ్చారు. వాళ్లలో కొందరు ముప్పై ఏళ్లు కూడా నిండని పిల్లలు. వాళ్ల చేతికి పంచాయతీ స్టాంపు వచ్చింది, చెక్కు పుస్తకం వచ్చింది. తండా చుట్టూ ఉన్న భూమిలో ఏం జరగొచ్చు, ఏం జరగకూడదు అన్న పుస్తకం మాత్రం ఎవరూ ఇవ్వలేదు. కాబట్టి ఇవ్వాళ ఆ ముచ్చటే.

మన తాతలు లదేని ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోసిన కాలంలో మనకు సర్వే నంబర్లు లేవు. రైళ్లు వచ్చి ఆ బతుకు తెగిపోయింది. అప్పుడు తండాలు గుట్టల పక్కన, అడవి అంచున నిలిచిపోయాయి. నిజాంసాగర్ కట్టింది 1923 నుంచి 1931 వరకు. మంజీర నీళ్లు కాలువల్లో పారాక బోధన్ వైపు నేల విలువ మారిపోయింది. 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. కాలువ కింద మంచి భూములు కొనుక్కోగలిగినవాళ్లు కొనుక్కున్నారు. కోస్తా నుంచి వచ్చిన రైతుల క్యాంపులు వర్ని, బోధన్ దారిలో ఇప్పటికీ ఉన్నాయి. వాళ్లను తప్పుపట్టడానికి చెప్పడం లేదు, కష్టపడి పండించారు. నీళ్లు పారే నేలలో మనం చెరకు నరికే కూలీలం, నీళ్లు ఎక్కని చెల్కలో మనం రైతులం. ఆ లెక్క అప్పుడు మొదలైంది.

ఆ చెల్కలు మనకు ఎట్లా వచ్చాయి? చాలావరకు సర్కారు అసైన్ చేసి ఇచ్చినవి. మన పెద్దలు దాన్నే లావుణి పట్టా అంటారు. భూమిలేని పేదకు తరి అయితే రెండున్నర ఎకరాలు, ఖుష్కీ అయితే ఐదు ఎకరాలు మించకుండా ఇచ్చేవాళ్లు. తెలంగాణ ప్రాంతానికి 1958 జూలైలో వచ్చిన ఉత్తర్వు తర్వాత ఇచ్చిన పట్టాల్లో ఒక షరతు రాసి ఉంటుంది: ఈ భూమి కొడుకులకు, బిడ్డలకు వారసత్వంగా పోతుంది కానీ అమ్మడానికి వీల్లేదు. అంతకు ముందు నాటి పట్టాల్లో షరతులు వేరుగా ఉండొచ్చు. అందుకే ఇంట్లో ఇనుప పెట్టె అడుగున మడిచి పెట్టిన పాత కాగితం తీసి తేదీ చూడండి. ఫొటో తీసుకుని ఫోన్లో కూడా పెట్టుకోండి, చెదలు ఫోన్‌ను తినవు.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పాలి. మన పిల్లల్లో చాలామంది "మనకు వన్ ఆఫ్ సెవెంటీ ఉంది కదన్నా, గిరిజనుల భూమి గిరిజనేతరులు కొనరాదు కదా" అంటారు. ఆ చట్టం ఉన్న మాట నిజమే, 1959 నాటి నిబంధనను 1970లో గట్టి చేశారు. కానీ అది షెడ్యూల్డ్ ప్రాంతాలకే వర్తిస్తుంది. ఉట్నూరులో ఉంది, భద్రాచలంలో ఉంది, ఏటూరునాగారంలో ఉంది. నిజామాబాద్ జిల్లాలో షెడ్యూల్డ్ ప్రాంతం లేదు. గ్రామసభకు ప్రత్యేక అధికారాలిచ్చే పెసా చట్టం కూడా ఇక్కడికి రాదు. మైదానంలో ఉన్న లంబాడాకు సొంత పట్టా భూమి విషయంలో ప్రత్యేక కంచె ఏదీ లేదు. లావుణి భూమికి ఉన్న కంచె 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం. తెలంగాణలో లంబాడాలకు షెడ్యూల్డ్ తెగ గుర్తింపు అమల్లోకి వచ్చింది కూడా ఆ సంవత్సరమే. గుర్తింపు సంగతి మనకు కంఠతా వచ్చు, ఈ చట్టం సంగతే ఎవరూ అడగరు.

ఆ చట్టంలో ఒక్క మాట మీద మీ దృష్టి నిలపండి: బదిలీ. బదిలీ అంటే అమ్మకం ఒక్కటే అని మనం అనుకుంటాం. చట్టం అట్లా అనలేదు. అమ్మకం, దానం, మార్పిడి, తాకట్టు, కౌలు, ఇవన్నీ బదిలీలే అంది. బ్యాంకు దగ్గర, సహకార సంఘం దగ్గర పంట రుణానికి తాకట్టు పెట్టుకోవచ్చు, అంతవరకు మినహాయింపు ఉంది. మిగతావి చెల్లవు. స్టాంపు కాగితం మీద రాసుకున్నా, నోటరీ చేయించినా, పది మంది పెద్దమనుషులు సాక్షి సంతకాలు పెట్టినా చెల్లవు. తీసుకున్నవాడికి శిక్ష కూడా ఉంది. తహసీల్దారు భూమిని వెనక్కి తీసుకుని మొదటి పట్టాదారుకో, అతని వారసులకో తిరిగి ఇవ్వొచ్చు.

అయితే అట్లా తిరిగి ఇచ్చేది ఒక్కసారే. తిరిగి ఇచ్చాక మళ్లీ బదిలీ చేస్తే భూమి సర్కారుకు పోతుంది, ఇంకో భూమిలేని పేదకు ఇస్తారు. రెండోసారి "తెలియక చేశాం దొరా" అన్నా వినే వీలు చట్టంలో లేదు.

ఇప్పుడు మన చెల్కల్లో జరిగేది చూద్దాం. ఏ ఒక్క తండా పేరూ చెప్పం, ఎందుకంటే పది తండాల కథ ఒక్కటే. తండాకు రోడ్డు పడుతుంది. రోడ్డు పడ్డ ఏడాదికి ఇటుక బట్టీ ఆయన వస్తాడు. రెండెకరాలు మూడేళ్లకు కౌలు అంటాడు. మక్క వేస్తే పెట్టుబడి పోను మిగిలేదానికంటే ఎక్కువ ఇస్తానంటాడు, ముందే ఇస్తాడు. బిడ్డ పెళ్లి ఉంటుంది, కొడుక్కు ఇంజినీరింగ్ ఫీజు ఉంటుంది. ఎవరు కాదంటారు? నడుము లోతు మట్టి తవ్వుతారు. మూడేళ్ల తర్వాత బట్టీ ఇంకో చెల్కకు పోతుంది. ఇక్కడ మిగిలేది బొంద. వానాకాలంలో నీళ్లు నిలుస్తాయి, ఎండాకాలంలో పగుళ్లు పడతాయి. పై మట్టి పోయిన నేలలో జొన్న కూడా సరిగా లేవదు. ఆ చెల్క యజమాని పక్క చెల్కలోని అదే బట్టీలో ఇటుకలు మోస్తుంటాడు.

మొరం ముచ్చట కూడా అంతే. ఊళ్లో వెంచరు వేస్తున్నారు, రోడ్డుకు మొరం కావాలి, మీ గుట్ట చెల్కలో రాళ్లే కదా, చదును చేసిపెడతాం అంటారు. చదును చేస్తామన్న జేసీబీ గెట్టు కూడా మిగల్చదు. మొరం, మట్టి అమ్మకానికి తీయాలంటే గనుల శాఖ అనుమతి కావాలి, ప్రభుత్వానికి సీనరేజీ కట్టాలి. రాత్రిపూట తిరిగే ట్రాక్టర్లకు ఆ కాగితాలు ఉన్నాయో లేవో మీరే ఊహించుకోండి.

మరి లావుణి భూమిలో ఏం చేసుకోవచ్చు? భయపెట్టడమే చేసి ఇది చెప్పకపోతే లాభం లేదు. పంట వేసుకోవచ్చు, మామిడి పెట్టుకోవచ్చు, పసుపు వేసుకోవచ్చు, బోరు వేసుకుని మోటారు గది కట్టుకోవచ్చు, పశువుల కొట్టం వేసుకోవచ్చు, ఫారం పాండ్ తవ్వుకోవచ్చు. వ్యవసాయ భూమిని వేరే పనికి మార్చాలంటే 2006 నాటి నాలా చట్టం కింద అనుమతి కావాలి, ఫీజు కట్టాలి. ఆ చట్టం పాడి పశువులకు, కోళ్లకు, చేపల చెరువుకు మినహాయింపు ఇచ్చింది. ఎకరం మించకుండా యజమాని తన కులవృత్తి కుటీర పరిశ్రమ నడుపుకున్నా మినహాయింపే. ఇటుక బట్టీకి లేదు, గోదాముకు లేదు, ప్లాట్లకు లేదు. మార్చుకుందామన్నా లావుణి షరతు ఉన్నంతకాలం ఆ భూమికి అడ్డమే. నిషేధిత జాబితాలో ఉంటుంది కాబట్టి రిజిస్ట్రేషనూ కాదు.

చట్టం ఇంత ఉండి నేల ఎందుకు కరిగిపోతోంది? చూసేవాడు లేక.

కొంచెం వెనక్కి పోదాం. పట్వారీ ఉన్న రోజుల్లో మంచి ఉందో చెడు ఉందో, ఏ చెల్కలో ఏముందో అతనికి తెలిసేది. పట్వారీలు పోయాక వీఆర్వోలు వచ్చారు. 2020 సెప్టెంబరులో వీఆర్వో వ్యవస్థ రద్దయింది. లంచాల ఫిర్యాదులు లేకపోలేదు, రద్దు చేసినప్పుడు చప్పట్లు కొట్టినవాళ్లు మన తండాల్లోనూ ఉన్నారు. కానీ ఆ తర్వాత ఐదేళ్లు ఊళ్లో రెవెన్యూ మనిషి లేడు. పాత పహాణీలో సాగు చేసేది ఎవరో రాసే కాలం ఉండేది, ధరణిలో అది తీసేశారు. పట్టాదారు పేరు ఉంది, నేల మీద ఎవరున్నారో, ఏం చేస్తున్నారో రాసే గడి లేదు. 2025 ఏప్రిల్‌లో భూభారతి చట్టం అమల్లోకి వచ్చింది, ఆ ఏడే గ్రామ పాలనాధికారులు వచ్చారు. ఎట్లా పనిచేస్తారో చూడాలి.

ఇటు పంచాయతీ సంగతి. 2018 పంచాయతీరాజ్ చట్టంతో రాష్ట్రంలో 1,177 తండాలు, గూడేలు సొంత పంచాయతీలయ్యాయి. మన తండాలో మన రాజ్యం అని డప్పులు కొట్టాం. 2019లో గెలిచిన సర్పంచుల పదవీకాలం 2024 ఫిబ్రవరి మొదట్లో అయిపోయింది. మళ్లీ ఎన్నికలు వచ్చేసరికి 2025 డిసెంబరు అయింది. దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారుల పాలన. మండలంలో పని చేసుకునే ఒక అధికారికి నాలుగైదు తండాలు అదనంగా అప్పజెబితే ఆయన ఏ చెల్క చూస్తాడు? ఒకవైపు రెవెన్యూ మనిషి లేడు, ఇంకోవైపు వార్డు మెంబరు లేడు. ఆ రెండేళ్లలో పట్నం చుట్టూ, డిచ్‌పల్లి వైపు హైవే పక్కన, బోధన్ రోడ్డులో ఏం లేచిందో మీరు బస్సు కిటికీలోంచి చూసే ఉంటారు.

అధికారం ఎవరి దగ్గరుందో కూడా తెలుసుకోండి. వ్యవసాయ భూమిని వ్యవసాయేతరంగా మార్చే పని రెవెన్యూది. దానికి పంచాయతీ తీర్మానం కావాలన్న షరతు నాలా చట్టంలో లేదు. అనుమతి లేకుండా మార్చినవాడికి వేసేది కూడా కట్టాల్సిన ఫీజుకు అదనంగా సగం జరిమానా, అంతే. మా అభిప్రాయంలో అది శిక్ష కాదు, ఆలస్య రుసుం. ముందు మార్చెయ్, తర్వాత కట్టెయ్ అని నేర్పే పద్ధతి. 2020లో అనుమతిలేని ప్లాట్లను క్రమబద్ధం చేస్తామని ప్రభుత్వం అంటే రాష్ట్రమంతటా 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అందులో ఎక్కువ భాగం ఒకప్పుడు ఎవరో దున్నిన నేలే.

అట్లని పంచాయతీ చేతిలో ఏమీ లేదనుకోవద్దు. లేఅవుట్ వేయాలన్నా, ఇల్లు కట్టాలన్నా, షెడ్డు వేయాలన్నా కాగితం పంచాయతీ మీదుగా నడవాలి. నుడా పరిధిలో ఉన్న ఊళ్లలో లేఅవుట్‌కు నుడా అనుమతి కూడా కావాలి. అనుమతి లేనిదాన్ని ఆపాల్సిన బాధ్యత పంచాయతీదే. అన్నిటికంటే ముఖ్యం, గ్రామసభ. రెండు నెలలకోసారి పెట్టాలని చట్టం చెప్తుంది.

గ్రామసభ భూమి లెక్క చూడగలదా అంటే, ఒకసారి చూసింది. 2025 జనవరిలో రైతు భరోసా ఇచ్చే ముందు సాగుకు పనికిరాని భూములను తీసేస్తామని ప్రభుత్వం అంది. వెంచర్లు, గోదాములు, గుట్టలు ఏ సర్వే నంబర్లలో ఉన్నాయో జనవరి 16 నుంచి 20 వరకు అధికారులు ఊళ్లల్లో తిరిగి రాశారు. 21 నుంచి 24 వరకు గ్రామసభలు పెట్టారు. ఏ నేల ఏ పనిలో ఉందో జనం ముందు పెట్టిన అరుదైన సందర్భం అది. ఆ సభల్లో గొడవంతా రేషన్ కార్డుల మీద, ఇందిరమ్మ ఇళ్ల మీద నడిచింది. ఇల్లు లేనివాడు ఇల్లు అడుగుతాడు, అడగాలి కూడా. కానీ మూడు కుర్చీల అవతల భూముల జాబితా ఉంది, దాన్ని చదివి వినిపించమని ఎంతమంది అడిగారు?

కేరళ వాళ్లు ఈ పనిని చట్టంలోనే రాసుకున్నారు. 2008లో వరి పొలాలు, తడి నేలల రక్షణ చట్టం తెచ్చారు. ప్రతి పంచాయతీలో ఒక స్థానిక పర్యవేక్షణ కమిటీ. పంచాయతీ అధ్యక్షుడు దానికి పెద్ద, వ్యవసాయ అధికారి కన్వీనర్, గ్రామ రెవెన్యూ అధికారి సభ్యుడు, వరి పండించే రైతులు ముగ్గురు సభ్యులు. ఊళ్లోని వరి పొలాలన్నిటికీ ఒక జాబితా తయారుచేయాలి. వేరే ఇల్లు చోటు లేని రైతు పొలంలో ఇల్లు కట్టుకోవాలంటే పంచాయతీల్లో పది సెంట్లు, మున్సిపాలిటీల్లో ఐదు సెంట్లు మించకూడదు. అదైనా కమిటీ చూసి సిఫార్సు చేయాలి. ఆ చట్టం అన్నిచోట్లా బాగా నడిచిందని మేం అనం. 2018లో సవరణలు తెచ్చి కొంత సడలించారు, వాటి మీద విమర్శలూ వచ్చాయి. మన దగ్గర అట్లాంటి కమిటీయే లేదు. తెమ్మని అడగడం మన సంఘాల పని.

ఇంకో మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. నేలను కాపాడాల్సిన పంచాయతీయే నేలను తింటున్న చోట్లు ఉన్నాయి. ప్రకృతి వనమని, శ్మశానమని, చెత్త షెడ్డని రాష్ట్రంలో పలుచోట్ల దళితులు, గిరిజనులు దున్నుకుంటున్న జాగలనే ఎంచుకున్నారని గొడవలయ్యాయి. పనులు మంచివే. కానీ పటేలు పట్టా భూమి పక్కన ఎప్పుడూ జాగ దొరకదు, లావుణి చెల్కలోనే దొరుకుతుంది. అటవీ హక్కుల చట్టం ఈ విషయంలో నయం. 2006 నాటి ఆ చట్టం కింద బడికో, అంగన్‌వాడీకో, రోడ్డుకో, చెరువుకో అడవి భూమి తీసుకోవాలంటే ఒక్కో పనికి హెక్టారు లోపే ఉండాలి, హెక్టారుకు 75 చెట్లు మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫార్సు తప్పనిసరి. సిరికొండ, ఇందల్వాయి వైపు పోడు పట్టాలున్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. ఆ పట్టా కూడా వారసులకు పోతుంది, అమ్మడానికి వీల్లేదు. భార్యాభర్తలిద్దరి పేరు మీదా ఉండాలి. యాడీ పేరు లేకపోతే అడగండి.

శక్కర్‌నగర్ వైపు కూడా చూడండి. ఫ్యాక్టరీకి ఒకప్పుడు వేల ఎకరాల సొంత చెరకు తోటలుండేవి. అవి ముక్కలు ముక్కలుగా అమ్ముడుపోయాయి. 2002లో 51 శాతం వాటా ప్రైవేటుకు పోయింది, 2015 డిసెంబరులో గేటుకు తాళం పడింది. మళ్లీ తెరిపించడానికి 2024లో ప్రభుత్వం కమిటీ వేసింది. తెరిస్తే సంతోషమే. కానీ చెరకు ఏ నేలలో పండిస్తారు? ఇప్పటికే రైతులు వరికి మారిపోయారు. తోటలుండగా ఎవరూ లెక్క అడగలేదు. గేటు ముందు ధర్నాలు చేసిన కార్మికుల్లో మనవాళ్లూ ఉన్నారు, వాళ్లను అడిగితే ఈ ముచ్చట మాకంటే బాగా చెప్తారు.

ఇప్పుడు కష్టమైన మాట. బట్టీ ఆయనకు కౌలుకిచ్చింది మన కాకా. సంతకం పెట్టాల్సిన సర్పంచి మన బావ. బట్టీలో పని చేసేది మన వదిన. తండాలో ఎవరి మీద ఎవరు ఫిర్యాదు చేస్తారు? అందుకే తహసీల్దారుకు అర్జీ పెట్టడం మొదటి మెట్టు కాకూడదని మా సంఘం అనుకుంటోంది. చట్టంలో ఒకసారి తిరిగి ఇచ్చే అవకాశం ఉందని చెప్పాం కదా, దాన్ని తొందరపడి వాడుకుంటే చివరికి నష్టపోయేది కాకానే. ముందు నాయక్, కార్‌భారీ, సర్పంచి కూర్చుని మాట్లాడాలి. కాకాకు డబ్బు ఎందుకు అవసరమైందో అడగాలి. లావుణి పట్టా మీద బ్యాంకులో పంట రుణం వస్తుందని కాకాకు ఎవరైనా చెప్పారా? కౌలు గడువు ఎప్పుడు తీరుతుంది, బొందలు ఎవరు పూడుస్తారు, రాయించుకున్నారా? ఈ మాటలేవీ వినకుండా బట్టీ ఆయన రెండో చెల్కకు, మూడో చెల్కకు పోతుంటే అప్పుడు అర్జీ పెట్టాలి, వెనక్కి తగ్గకూడదు. మన మనిషే కదా అని ఊరుకున్న తండాల్లో ఇప్పుడు మేకలు మేపడానికి కూడా చోటు లేదు.

పిల్లలు చేయగలిగింది ఇది. వచ్చే గ్రామసభకు ముందు మీ తండా సర్వే నంబర్లు ఒక కాగితం మీద రాయండి. ఏది లావుణి, ఏది సొంత పట్టా, ఏది గైరాను, ఏది చెరువు శిఖం. పక్కన ఇప్పుడు అందులో ఏముందో రాయండి, పంటనా, పడావా, బొందనా, షెడ్డా. ఇద్దరు కుర్రాళ్లు, ఇద్దరు అమ్మాయిలు రెండు ఆదివారాలు తిరిగితే అయిపోతుంది. తెలియని నంబరుంటే సమాచార హక్కు కింద అడగండి. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల కార్యాలయంలో ఐదు రూపాయలు, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఆ జాబితా సభలో చదివి వినిపించమని, తీర్మానాల పుస్తకంలో ఎక్కించమని కార్యదర్శిని అడగండి. పుస్తకంలో ఎక్కాక రేపు ఎవరొచ్చి "ఇక్కడ ముందు నుంచీ గోదామే ఉండె" అన్నా, మీ దగ్గర తేదీ వేసిన పేజీ ఉంటుంది. ఆడపిల్లలకు ప్రత్యేకంగా ఒక మాట: లావుణి భూమి వారసత్వం గురించి మీరూ అడగాలి. కౌలు కాగితం మీద అన్న సంతకం ఒక్కటే పెట్టి పని కానిచ్చేస్తుంటే మీరు నోరు తెరవాలి.

పాత పహాణీ ఎట్లా చదవాలో, సమాచార హక్కు దరఖాస్తు ఎట్లా రాయాలో చూపించే నమూనా కాగితాలు వెనక బల్ల మీద పెట్టాం. భోగ్ అయ్యాక ఒక్కో తండా నుంచి ఒక్కరు వచ్చి తీసుకుపోండి. కొత్త సర్పంచులు ముందుగా తీసుకోవాలి.

జై సేవాలాల్.